ఫ్లోరు ఒరిగిన శనివారం

శనివారం పొద్దున్నే ఆదిశేషు చేసే మొదటి పని ఇంటి పునాదికి నీళ్ళు పెట్టడం. డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఇల్లు కొన్న ప్రతివాడికీ తప్పని చాకిరీ అది. అక్కడి నేల నల్లరేగడి. ఎండితే బీటలు తీసి కుంగుతుంది, తడిస్తే ఉబ్బుతుంది, పట్టించుకోని వాళ్ళ గోడలు నిలువునా పగులుతాయి. గుంటూరు పక్కన నల్లరేగడిలోనే పుట్టి పెరిగి, డల్లాస్‌లో మట్టి పరీక్షలు చేసే ఇంజనీరుగా కుదురుకున్న ఆదిశేషుకి ఆ మట్టి గుణం బాగా తెలుసు. గొట్టం పట్టుకుని ఇంటి చుట్టూ తిరుగుతూ, ఆ రోజు పిల్లల చేత ఆడించాల్సిన బాస్కెట్‌బాల్ ఆటని మనసులో గీసుకునేవాడు. 1984 ఫిబ్రవరిలో, సీజన్ ఆఖరి శనివారం నాడు, ఆలోచనలో పడి ఒకే చోట పావుగంట నిలబడిపోయాడు. కాళ్ళ దగ్గర చిన్న మడుగు తయారైంది.

లోపల వంటింట్లో ఆయన భార్య వసుమతి నారింజకాయలు నాలుగేసి చెక్కలుగా కోసి డబ్బాలో సర్దుతోంది. హాఫ్‌టైమ్‌లో పిల్లలకి నారింజ ముక్కలు పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఉత్త ముక్కలు పెట్టడానికి ఆవిడకి చేతులు రాక, పైన ఉప్పూ కారం చల్లేది. మొదటి వారం పిల్లలు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మూడో వారానికి ఎదుటి జట్టు పిల్లలు కూడా వచ్చి చేతులు చాచారు.

ఆటలు జరిగేది ఊరి రిక్రియేషన్ సెంటర్ జిమ్‌లో. దాన్నీ ఆ మట్టి మీదే కట్టారు. కాకపోతే ఆ జిమ్ ఫ్లోరు ఎండకీ వానకీ చలించేది కాదు, స్కోరుకి ఒరిగేది. ఏ జట్టు పాయింట్లు ఎక్కువైతే ఆ జట్టు బంతి వేయాల్సిన బుట్ట వైపు నెమ్మదిగా వాలేది. హాఫ్‌టైమ్‌లో జట్లు దిక్కులు మార్చుకుంటే, ఆ పది నిమిషాల్లో ఫ్లోరు కూడా మూలుగుతూ రెండో వైపుకి ఒత్తిగిలేది. పాయింట్లు వేసిన పిల్లల్ని బట్టే దాని వాలు. ఐదారు పాయింట్ల తేడా ఎవరికీ తెలిసేది కాదు. పది దాటితే తల్లుల పర్సులు జారేవి. ఇరవై దాటితే పసిపిల్లల్ని తోసుకొచ్చే స్ట్రోలర్లకి బ్రేకులు వేసి, బల్లల కాళ్ళ కింద చెక్కముక్కలు దోపేవాళ్ళు. కొత్తగా వచ్చిన వాళ్ళకి బాత్రూమ్ ఎటో చెప్పినట్టే ఈ సంగతీ చెప్పేవాళ్ళు. గెలిచేవాళ్ళకి పల్లం, ఓడేవాళ్ళకి ఎగువ. ఇందులో వింతేముందని ఎవరూ అనుకోలేదు. లోకంలో మిగతావీ ఇంచుమించు అలాగే ఉన్నాయి కదా.

ఆ జిమ్‌లో పది నుంచి పన్నెండేళ్ళ ఆడపిల్లల ఆకుపచ్చ జట్టుకి ఆదిశేషు కోచ్. ఆయన చిన్నప్పుడు ఆడింది చెడుగుడు. బాస్కెట్‌బాల్ ముట్టుకుని ఎరగడు. కూతురు రేణు పేరు రాయించడానికి వెళ్ళినప్పుడు కోచ్‌గా ఎవరుంటారని అడిగితే మిగతా తండ్రులంతా బూట్ల వంక చూసుకున్నారు, ఈయన మొహమాటానికి చెయ్యెత్తాడు. ఆ మొదటి ఏడు ఆడిన ప్రతి ఆటా ఓడారు. ఎర్ర జట్టు చేతిలో అయితే యాభై రెండుకి మూడు. ఆ రోజు ఫ్లోరు ఇంటి కప్పులా నిలబడింది. పిల్లలు పాక్కుంటూ పైకి వెళ్ళబోతే, ఎర్ర జట్టు కోచ్ ప్రూయిట్ ఆఖరి నిమిషం దాకా తన పిల్లల్ని వాళ్ళ మీదికి తోలుతూనే ఉన్నాడు.

ఆ యాభై రెండు మూడు ఆదిశేషుకి అరగలేదు. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి చదివాడు, టీవీ ముందు కూర్చుని నోట్సు రాశాడు. కృష్ణమోహన్ డాక్టరుగారి అమ్మాయి మీనాని బతిమాలి జట్టులోకి తెచ్చుకున్నాడు. పన్నెండేళ్ళకే ఐదడుగుల తొమ్మిదంగుళాలు ఆ పిల్ల. ఆటలో వేసే ఎత్తులకి పేర్లు పెట్టాలంటే ఇంగ్లీషు పేర్లు ఆయనకి గుర్తుండవు. అందుకని మధ్యలో ఖాళీ వదిలి చుట్టూ తిరిగే ఎత్తుకి గారె అనీ, నడిమధ్యకి బంతి దూర్చే ఎత్తుకి పూర్ణం అనీ పేర్లు పెట్టాడు. వేలు చూపిస్తే గారె, పిడికిలి ఎత్తితే పూర్ణం. టెక్సాస్ పిల్లలు గొంతు చించుకుని ఆ పేర్లు అరుస్తూ ఈ ఏడు ఒక్క ఆటా ఓడలేదు.

ఈ సంబరంలో రేణు మాత్రం లేదు. పదకొండేళ్ళ రేణు జట్టులో అందరికన్నా చిన్న పిల్ల. ప్రతి పిల్లనీ ఆరు నిమిషాల క్వార్టర్ ఒక్కటైనా ఆడించాలని లీగ్ రూల్. ఆదిశేషు ఆమెని ఎప్పుడూ ఆఖరి క్వార్టర్‌లోనే దింపేవాడు. మన వైపు ఆటల్లో బుల్లి పిల్లలు ఏడవకుండా చేర్చుకుని, వాళ్ళు అవుటైనా లెక్కపెట్టకుండా వదిలేస్తారే, ఆటలో అరటిపండు అని, అదీ రేణు సంగతి. ఆమె దిగేసరికి ఫ్లోరు ఎప్పుడూ ఘోరంగా ఒరిగి ఉండేది. పోయిన ఏడు ఎగువకి పాకింది, ఈ ఏడు పల్లానికి జారి గోడకి గుద్దుకుంటోంది. రెండు సీజన్లలో ఒక్క బుట్ట వేయలేదు. మిగతా సమయమంతా తండ్రి పక్క కుర్చీలో కూర్చుని, ఆయన తనలో తాను గొణుక్కునేదంతా వింటూ ఉండేది.

గురువారం సాయంత్రం రేణు వాళ్ళమ్మతో, శనివారమే లాస్ట్ గేమ్ అని, ఇక ఆడనని చెప్పింది. ఏడవలేదు, అలగలేదు. ఆట అయ్యాక స్ప్రింగ్ సీజన్‌కి పేర్లు రాసుకునే టేబుల్ వేస్తారు, ఆ టేబుల్ దగ్గర ఆగకుండా కారెక్కేస్తానంది. వసుమతి ఆ మాట చెప్పినప్పుడు ఆదిశేషు, ఇష్టం లేనప్పుడు బలవంతం ఎందుకులే అన్నాడు. మొదట ఆయనకి హాయిగా అనిపించింది. హాయిగా అనిపించినందుకు తర్వాత సిగ్గేసింది. రెండూ దాచుకుని అన్నంలో మజ్జిగ పోసుకున్నాడు.

ఆఖరి ఆట ఎర్ర జట్టుతోనే పడింది. అయితే ప్రూయిట్ దగ్గర పోయినేటి గట్టి పిల్లలెవరూ లేరు. వాళ్ళంతా వయసు దాటి పై లీగ్‌కి వెళ్ళిపోయారు. ఇప్పుడున్నది డార్లా లాంటి పిల్లలు. డార్లా బంతి తన వైపు వస్తే కళ్ళు మూసుకునేది. ఈ సంగతి ఆదిశేషుకి రెండో నిమిషంలోనే అర్థమైంది. అయినా మీనాని తియ్యలేదు, పిల్లల్ని వెనక్కి పిలవలేదు. ఇరవై దాటినా వేలు, పిడికిలి, వేలు, పిడికిలి. నిజం చెప్పాలంటే ఆయనకి చాలా ఆనందంగా ఉంది. ఒక్కటే వెలితి, ప్రూయిట్ ఒక్క మాటైనా అనడం లేదు. బ్రెడ్ వ్యాను నడిపే ఆ భారీ మనిషి జారిపోతున్న బెంచీని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఎగువకి ఎక్కలేక కూలబడ్డ పిల్లల్ని లేవదీస్తూ నిలబడ్డాడు. తిట్టుకుంటే బాగుండునని ఆదిశేషు ఎదురుచూశాడు.

హాఫ్‌టైమ్‌కి ముప్పై నాలుగు, రెండు. రిఫరీగా ఉన్న రిటైరైన లెక్కల టీచరమ్మ బంతి తెచ్చి ఫ్లోరు నడిమధ్య పెట్టి, ఐదు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఐదు లోపల బంతి గోడని తాకితే ఆట అక్కడితో ఆపేయాలని రూల్. మూడు దగ్గరే తాకింది. ఆవిడ విజిల్ వేసి, స్కోరు ఇదే, అందరూ ఇళ్ళకి వెళ్ళచ్చని చెప్పింది.

ఆకుపచ్చ పిల్లలు ఎగిరి గంతులేశారు. ఆదిశేషు నవ్వుతూ వెనక్కి తిరిగాడు. పక్క కుర్చీలో రేణు బూట్ల లేసులు విప్పుతోంది. తన ఆరు నిమిషాల కోసం అంతకు ముందే వాటిని రెండేసి ముళ్ళు వేసి బిగించుకుంది. ఆ ముళ్ళు ఇప్పుడు ఊడి రావడం లేదు. తల వంచుకుని గోళ్ళతో లాగుతోంది, ఏడుస్తున్న పిల్లలా కాకుండా పని చేసుకుంటున్న పెద్ద మనిషిలా.

ఆదిశేషు నవ్వు ఆగిపోయింది. పోయినేటి కసి తీర్చుకునే తొందరలో కూతురి ఆరు నిమిషాలు తనే మింగేశాడు. రెండేళ్ళ ఆట ఈ పిల్లకి ఇలా కుర్చీలోనే అయిపోతోంది. లేసులు విప్పొద్దని చెప్పి, బల్లల అంచులు పట్టుకుని పైకెక్కి ప్రూయిట్ దగ్గరికి వెళ్ళాడు.

"మా ఊళ్ళో ఆట ఇలా ఒక్క వైపే అయితే ఎవరూ ఇళ్ళకి పోరు. జట్లు కలిపేసి మళ్ళీ పంచుకుంటారు," అన్నాడు.

"గెలిచిన ఆటని నువ్వెందుకు కలిపేస్తావు?" అని అడిగాడు ప్రూయిట్.

"మా అమ్మాయి ఇంకా ఆడలేదు."

ప్రూయిట్ తన పిల్లల వంక చూసి, పంచుకోవడం ఎలాగో చెప్పమన్నాడు. ఫ్లోరు చదునైతే తనకేమీ అభ్యంతరం లేదని రిఫరీ అంది.

ఆదిశేషు పదహారుమంది పిల్లల్నీ పోగేసి ఉద్దులు కట్టించాడు. ఒకే సత్తా ఉన్న ఇద్దరు కలిస్తే ఒక ఉద్ది. ఆ ఇద్దరూ దూరంగా పోయి చెరొక దొంగపేరు పెట్టుకుని, భుజాల మీద చేతులేసుకుని వచ్చి, ఇది కావాలా అది కావాలా అని అడుగుతారు. ఏ పేరు ఎవరిదో తెలియకుండా నాయకుడు కోరుకోవాలి. కోరిన పిల్ల అతని జట్టు, మిగిలిన పిల్ల అవతలి జట్టు. తల్లులు ఉప్పుకారం నారింజ చప్పరిస్తూ దగ్గరికి జరిగారు. పిల్లలకి ఇది అసలు ఆటకన్నా నచ్చింది. జిమ్ మూలల్లో ఎనిమిది చోట్ల గుసగుసలు మొదలయ్యాయి.

మొదట మీనా, ఎర్ర జట్టులో పొడుగు పిల్ల బెకీ వచ్చి, అక్కడి తీపి వంటకాల పేర్లు పెట్టుకుని, పీచ్ పై కావాలా పెకాన్ పై కావాలా అన్నారు. ఓడుతున్నవాడు కనుక ప్రూయిట్‌కి మొదటి వంతు ఇచ్చారు. ఆయన పీచ్ పై కోరుకున్నాడు. మీనా తను వేసిన పద్దెనిమిది పాయింట్లూ తీసుకుని అటు నడిచింది. ఫ్లోరు కింద ఎక్కడో దూలం కిర్రుమంది. ఆ తర్వాత ఒక్కొక్క ఉద్దీ విడిపోయి పిల్లలు ఇటూ అటూ మారుతుంటే, తల్లులు బల్లల కింది చెక్కముక్కలు ఒక్కొక్కటే తీసేసుకున్నారు.

ఆఖర్న వచ్చింది రేణు, డార్లా. అంతమందిలో ఎవరూ అడగకుండానే ఒకరినొకరు వెతుక్కున్నారు. అప్పుడు కోరుకునే వంతు ఆదిశేషుది.

"మామిడిపండు కావాలా, గుర్రం కావాలా?" అంది రేణు ఇంగ్లీషులో, మొహంలో ఏమీ కనబడనివ్వకుండా.

ఆదిశేషు లోపల నవ్వుకున్నాడు. ఇందులో ఆలోచించడానికేముంది. మామిడిపండు తన కూతురే. గుర్రం ఆ టెక్సాస్ పిల్లే. తన పిల్లని తన జట్టులోకే తెచ్చుకుని, ఈసారి మొదటి నుంచీ ఆడించాలని మనసారా కోరుకుని, మామిడిపండు అన్నాడు.

డార్లా వచ్చి ఆయన పక్కన నిలబడింది.

రేణు ఎర్ర జట్టు వైపు నడిచి వెళ్ళిపోయింది. గుర్రం. ఈ పిల్లకి గుర్రాలంటే ఇష్టమని ఆయనకి ఎప్పుడూ తెలియదు. ఎప్పటి నుంచి ఇష్టమో అడుగుదామంటే ఎర్ర జెర్సీ తొడుక్కుంటోంది. చిన్నతనంగానూ, కాస్త దిగులుగానూ అనిపించింది ఆదిశేషుకి.

స్కోరు టేబుల్ దగ్గర ఏ పిల్ల పాయింట్లు ఆ పిల్ల పేరున కూడితే ప్రూయిట్‌కి ఇరవై, ఆదిశేషుకి పదహారు వచ్చాయి. అసలు కూడక్కర్లేదు. ఫ్లోరు అప్పటికే పెరట్లో ఆరేసిన చాపలా చదునుగా పరుచుకుని ఉంది. రిఫరీ బంతి మధ్యలో పెట్టింది. ఐదు దాకా లెక్కపెట్టి, ఇంకో ఐదు కూడా లెక్కపెట్టి, బంతి ఎక్కడికీ వెళ్ళకపోవడంతో విజిల్ వేసింది.

ప్రూయిట్ తన కొత్త పిల్లల్ని వరసగా నిలబెట్టి చూశాడు. రెండేసి ముళ్ళు వేసుకుని సిద్ధంగా ఉన్న పిల్లని చూసి, నువ్వు బంతి తీసుకొచ్చే పని చూడు అన్నాడు. ఆమె అరటిపండు అని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

రేణు ఆ జిమ్‌లో చదును ఫ్లోరు మీద కాలు పెట్టడం అదే మొదటిసారి. నాలుగడుగులు పరుగెత్తి, ఆగాలనుకున్న చోట ఆగింది. ఆగగలిగినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసి, ఇంకోసారి పరుగెత్తి ఇంకోసారి ఆగింది. ఆ తర్వాత వెనుదిరిగి చూడలేదు.

ఆదిశేషు తన కొత్త పిల్లలకి గారె, పూర్ణం హడావిడిగా నేర్పించాడు. పిడికిలి ఎత్తాడు. బంతి నడిమధ్యకి వచ్చేసరికి అక్కడ రేణు నిలబడి ఉంది. అందుకుని మీనాకి విసిరింది, మీనా బుట్టలో వేసింది. వేలు చూపించాడు. చుట్టూ తిరిగి వచ్చే బంతికి రేణు మూడో మలుపులోనే ఎదురొచ్చింది. మూడోసారి తెలివిగా, వేలు చూపించి నోటితో పూర్ణం అని గొణిగాడు. రేణు నవ్వుతూ మధ్యకి జరిగి బంతి పట్టుకుంది. ఆయన మోసం చేయబోయే ముందు కళ్ళజోడు పైకి తోసుకుంటాడు. ఆ అలవాటు ఉన్నట్టు ఆయనకే తెలియదు. రెండేళ్ళు పక్క కుర్చీలో కూర్చున్న పిల్లకి తెలుసు.

మూడో క్వార్టర్ చివర్లో ఎర్ర జెర్సీ ఒకటి ఆయన పిల్లలిద్దరి మధ్య నుంచి దూరి, ఆగి, ఎగిరి బుట్టలో బంతి వేసేసింది. ఆదిశేషుకి ఒళ్ళు మండింది.

"ఆ నాలుగో నంబర్ పిల్లని ఎవరూ పట్టుకోరేం?" అని అరిచాడు.

అరిచాక ఆ నాలుగో నంబర్ పిల్ల మొహం చూశాడు. బెంచీల మీద వసుమతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయి నవ్వుతోంది. రేణు తను మొదటి బుట్ట వేశానని గుర్తుంచుకునే తీరిక లేనట్టు, అప్పటికే వెనక్కి పరుగెత్తి కాపలా కాస్తోంది. ఆదిశేషు కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుని మళ్ళీ లేచాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అయినా ఆ పిల్లని ఎలా ఆపాలా అని కూడా ఆలోచిస్తూనే ఉన్నాడు, అలా ఆలోచిస్తున్నందుకు ఆయనకి ఎంతో గర్వంగా ఉంది.

డార్లాని ఆయన ఆఖరి దాకా ఆడించాడు. కళ్ళు మూసుకోకుండా బంతిని చూడాలని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తొందరేం లేదన్నట్టు మళ్ళీ మళ్ళీ చెప్పాడు. ఇంత ఓర్పు తనకి ఎక్కడి నుంచి వచ్చిందో, ఇంట్లోని పిల్ల దగ్గర అది ఎక్కడికి పోయిందో అని ఒకసారి అనుకున్నాడు. డార్లా బుట్టేమీ వేయలేదు కానీ, ఒక బంతిని రెండు కళ్ళూ తెరిచి పట్టుకుంది. అందుకు ప్రూయిట్ అవతలి బెంచీ నుంచి చప్పట్లు కొట్టాడు.

ఆట ముప్పై మూడు, ముప్పై రెండు దగ్గర ముగిసింది. ఆదిశేషు జట్టు ఓడింది. పర్సులూ స్ట్రోలర్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్రూయిట్ వచ్చి పెద్ద చెయ్యి ముందుకి చాపి, ఆ పిల్లని ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావని అడిగాడు. పక్కనే కూర్చోబెట్టుకున్నానని ఆదిశేషు ఉన్న మాటే చెప్పాడు. పోయిన ఏడు పిల్లల్ని వెనక్కి పిలవాల్సిందని ప్రూయిట్ నేల చూపులు చూస్తూ అన్నాడు. ఇవాళ నేనూ పిలవలేదని ఆదిశేషు అన్నాడు. ఇద్దరూ వసుమతి డబ్బాలో మిగిలిన ముక్కలు చెరొకటి తీసుకున్నారు. ప్రూయిట్‌కి కారం నషాళానికి అంటింది, అయినా ఇంకోటి అడిగాడు.

గుమ్మం దగ్గర పేర్లు రాసుకునే టేబుల్ వేశారు. ఆదిశేషు కారు తాళాలు చేతిలో పట్టుకుని, అటు చూడనట్టు చూస్తూ నిలబడ్డాడు. రేణు కోటు వేసుకుని గుమ్మం దాకా వెళ్ళింది. వెళ్ళి, డార్లా వెనకాల వరసలో నిలబడింది. తన వంతు రాగానే కాగితం తీసుకుని పేరూ వయసూ రాసింది. కోరుకునే కోచ్ ఎవరని ఉన్న చోట ఒక్క క్షణం ఆగి, ప్రూయిట్ అని రాసింది. తండ్రి సంతకం చేయాల్సిన చోట వేలు పెట్టి కాగితాన్ని ఆయన వైపు తిప్పింది.

ఆదిశేషు ఆ పేరు చదివాడు. ఇంకోసారి చదివాడు. పెన్ను అడిగి తీసుకున్నాడు.

"డాడీ, మీరు మీ టీమ్‌కే కోచ్‌గా ఉండాలి," అంది రేణు, తన అమెరికా తెలుగులో ఒక్కో మాటా ఏరుకుంటూ. "మీకు అగెయిన్స్ట్ ఆడ్డం నాకు చాలా బాగుంది. మళ్ళీ ఆడాలి."

ఆదిశేషు ప్రూయిట్ పేరు కింద తన సంతకం పెట్టాడు.

"ఈసారి అన్నీ కొత్తవి వేస్తా. నీకు ఒక్కటీ తెలియనివ్వను," అన్నాడు.

"తెలుసుకుంటా," అంది రేణు.